టేపు కూర్మారావు కలకత్తా ప్రయాణం

కూర్మారావు దేన్నీ కొలవకుండా వదలడు. సునాబెడలో ఆయన ఇల్లెక్కడని ఎవర్నడిగినా ముందు ఈ సంగతి చెప్పి, ఆ తరవాతే ఇంటి నంబరు చెబుతారు.

విమానాల ఇంజన్లు చేసే ఫ్యాక్టరీలో ఆయనది తనిఖీ పని. తయారైన ముక్క వెంట్రుకలో పదోవంతు ఎక్కువున్నా తక్కువున్నా దానికి ఎర్రరంగు పూసి పక్కన పెట్టాలి. ఆ పని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కాని సాయంత్రం సైరన్ మోగాక కూడా ఆయన చొక్కా జేబులో స్టీలు టేపు, ప్యాంటు జేబులో దర్జీలు వాడే గుడ్డ టేపు, చంకలో నల్లట్ట నోటుబుక్కు ఉండేవి.

పెళ్ళిచూపులకి సాలూరు వెళ్ళినప్పుడు పిల్లని చూడమంటే ఈయన గుమ్మాన్ని చూశాడు. సర్రుమని టేపు లాగి, "అయిదడుగుల నాలుగంగుళాలు. ఈ ఇంట్లో పొడుగోళ్ళెవరూ లేరేటండి?" అని అడిగాడు.

"లేకేం బాబూ, ఉన్నారు. అందరికీ నుదుటి మీద బొప్పులున్నాయి" అన్నాడు పిల్ల తండ్రి.

తలుపు వెనక నుంచున్న రాజ్యానికి నవ్వాగలేదు. ఆ నవ్వు విని పెళ్ళికొడుకు సరేనన్నాడు. ఆ నవ్వుని మాత్రం ఎలా కొలిచాడో ఎవరికీ తెలీదు.

అది జరిగి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళుగా రాజ్యం వేసిన దోసెల వెడల్పు, కూతురు గౌరి అడుగు పొడవు, వీధి కుక్క తోక, అన్నీ నోటుబుక్కుల్లోకి ఎక్కాయి. ఒకసారి నందపూర్ సంతలో పెద్ద గుమ్మడికాయ కనిపిస్తే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని నడుం చుట్టూ గుడ్డ టేపు వేశాడు. కాయలమ్మే కొండ ముసలమ్మ చుట్టుపక్కలవాళ్ళని కేకేసి తన దేశియా భాషలో ఏదో అంది. సంత సంతంతా నవ్వింది.

"ఏటందయ్యా?" అని రాజ్యం పక్క కొట్టువాణ్ణి అడిగింది.

"కాయకి జాకిట్టు కుట్టడానికి పట్నం నుంచి దర్జీ వచ్చేడంతోందమ్మా."

ఇంటికొచ్చాక రాజ్యం, "గుమ్మడికాయ కొలత మనకెందుకండీ?" అని నిలదీసింది. "పడుంటాదిలే" అన్నాడు కూర్మారావు. ఎప్పుడడిగినా ఆయన జవాబు అదే. ఇది ఫ్యాక్టరీ పెట్టిన జబ్బు అని రాజ్యం అనుకుంది. పొగాకు, పేకాట లాంటివి కాదు కదా అని సరిపెట్టుకుంది. కాని లోపల ఎక్కడో, ఈ కొలతలన్నీ చివరికి ఎక్కడికి పోతున్నాయన్న అనుమానం మాత్రం ఆమెని వదల్లేదు.

ఆయనకి గిట్టని మాట ఒక్కటుంది. అది 'సుమారు'. ఆ మాట ఎవరి నోట వినబడినా, "సుమారంటే ఎంతండీ?" అని అక్కడే నిలబడిపోతాడు.

పందొమ్మిదివందల డెబ్బయ్యెనిమిది వేసవి సెలవుల్లో కూర్మారావు పెళ్ళాన్నీ కూతుర్నీ కలకత్తా తీసుకెళ్ళాడు. వెళ్ళేది విమానంలో, వచ్చేది రైల్లో.

"పదమూడేళ్ళుగా విమానం గుండెకాయ సేత్తో పట్టుకుని కొలస్తన్నాను. ఒక్కసారైనా దాని కడుపులో కూకోపోతే ఎలగే?" అన్నాడు. ఎన్నాళ్ళనుంచో కూడబెట్టుకున్నదంతా టిక్కెట్లకే సరిపోయింది.

విశాఖపట్నం విమానాశ్రయానికి పొద్దున్న తొమ్మిదింటికే చేరుకున్నారు. విమానం పదకొండింటికి. పదిన్నరకి కౌంటరు వెనకున్న తెల్లచొక్కా ఆయన లేచి నిలబడి, "కలకత్తాలో గాలివాన. విమానం ఇంకా అక్కడే ఉంది. సుమారు రెండు గంటలు ఆలస్యం" అన్నాడు.

రాజ్యం కళ్ళు మూసుకుంది. ఆమె అనుకున్నంతా అయింది.

"సుమారంటే ఎంతండీ?" అన్నాడు కూర్మారావు.

"రెండు గంటలండీ."

"అలాగైతే సుమారెందుకు?"

"ఓ పావుగంట అటూ ఇటూ కావచ్చు."

"అటా? ఇటా?"

తెల్లచొక్కా ఆయన మంచివాడు. "వానని అడిగి చెప్తానండి" అని కూర్చున్నాడు.

పన్నెండున్నరకి సుమారు ఇంకో గంటన్నర అన్నారు. రెండింటికి సుమారు ఇంకో రెండు గంటలన్నారు. కూర్మారావు నోటుబుక్కులో ప్రతి సుమారునీ రాసి, దాని ఎదురుగా అది ఎంత తప్పిందో కూడా రాస్తూ వచ్చాడు. మధ్యలో ఖాళీగా ఉండలేక హాలు కొలవడం మొదలెట్టాడు. టేపు పొడవు చాలక, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని, "బాబూ, ఈ కొస కాస్త పట్టుకుంటారేటి?" అని అడిగాడు.

ఆ పెద్దమనిషి పేరు ఆదిశేషు. అనకాపల్లి బెల్లం వర్తకుడు, భారీ మనిషి. "ఎందుకు?" అని అడుగుతూనే కొస పట్టుకున్నాడు. అరగంట తిరిగేసరికి ఆయనే ముందు నడుస్తూ, "ఇదిగో, ఈ కిటికీ ఒగ్గీసేవు కూర్మారావూ!" అని గుర్తుచేస్తున్నాడు.

మూడింటికి హాల్లో ఉన్న ఒక్క పొడుగు బెంచీ మీద ఇద్దరాడవాళ్ళు తగువు పడ్డారు. ఒకావిడ తన వంతుకంటే ఎక్కువ చోటు ఆక్రమించిందని రెండో ఆవిడ. కూర్మారావు వెళ్ళి బెంచీ కొలిచి, కూర్చునేవాళ్ళని లెక్కపెట్టి, సుద్దముక్కతో పద్దెనిమిదేసి అంగుళాలకి గీతలు గీశాడు. "చివర నాలుగంగుళాలు మిగిలేయి. అవి సంచీకి" అని తీర్పు చెప్పాడు. ఇద్దరూ నోరు మూసుకుని గీతల మధ్య కూర్చున్నారు.

ఆ తరవాత ఏడుస్తున్న పిల్లలందర్నీ గోడకి నిలబెట్టి ఎత్తులు చూశాడు. మడమలెత్తి దొంగతనంగా పెరిగినవాళ్ళని పట్టుకున్నాడు. పిల్లలయ్యాక తల్లులు వచ్చారు. తల్లులయ్యాక తెల్లచొక్కా ఆయన కౌంటరు దాటి వచ్చి, "నన్నూ ఓసారి చూడండి. నేను అయిదడుగుల ఏడంగుళాలని మావాళ్ళు నమ్మరు" అన్నాడు. అయిదడుగుల ఆరు వచ్చింది. పాపం, బూట్లు విప్పకుండానే వచ్చింది అంత.

రాజ్యం సిగ్గుతో చీర కొంగు తల మీదకి లాక్కుని ఓ మూల కూర్చుంది. పక్కనున్నావిడ, "ఆ టేపాయన మీవారేనామ్మా?" అని అడిగితే కొంగు ఇంకొంచెం ముందుకి లాక్కుంది. "మంచోరమ్మా. మావాడు పొద్దుట్నుంచీ ఇప్పుడే ఏడుపాపేడు" అంది ఆవిడ. రాజ్యం కొంగు కొంచెం వెనక్కి జరిపింది.

అయిదు గంటలకి విమానం వచ్చింది. అందరూ మెట్లెక్కి లోపలికి పోతుంటే, కూర్మారావు మెట్టు మెట్టుకీ వంగి ఎత్తు చూస్తూ ఆఖర్న ఎక్కాడు. లోపల కూర్చోగానే సీటు వెడల్పు, సీటుకీ సీటుకీ మధ్య నడిచే దారి, గుడ్డు ఆకారంలో ఉన్న కిటికీ, తల పైన సామాను పెట్టుకునే అటక, అన్నీ ఒకదాని వెంట ఒకటి సర్రు సర్రుమన్నాయి. విమానం నేల వదిలేటప్పుడు ఆయన తల ముందు సీటు కింద ఉంది.

"ఏవండీ! లెగిసిపోయేం! ఇటు సూడండీ!" అంది రాజ్యం, కిటికీకి ముక్కు ఆనించి.

"ఉండవే. మోకాలికీ ముందు సీటుకీ మధ్య తొమ్మిదో తొమ్మిదింపావో తేలటం లేదు."

"మబ్బులు మన కిందనున్నాయండీ!"

"ఎక్కడికి పోతాయి? సూస్తాను."

సూడలేదు. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి పిప్పరమెంట్లు ఇస్తే, ఎంత ఎత్తున ఉన్నామని అడిగాడు. "సుమారు పదిహేను వేల అడుగులు" అంది. పాపం ఆ పిల్లకి తెలీదు. రెండు నిమిషాల తరవాత లోపలికి వెళ్ళి, విమానం నడిపేవాళ్ళని అడిగి వచ్చి, "పద్నాలుగు వేల అయిదువందలు సార్" అని ఒప్పజెప్పింది. కూర్మారావు ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు. కలకత్తాలో దిగేదాకా కిటికీలోంచి చూసినవాళ్ళు రాజ్యమూ గౌరీ మాత్రమే.

కలకత్తా నాలుగు రోజులు చూశారు. చూశారనడం కంటే కొలిచారనడం న్యాయం. ట్రాము ఫుట్‌బోర్డు ఎత్తు చూస్తూ ఉంటే ట్రాము కదిలిపోయింది. ముగ్గురూ దాని వెంట పరిగెత్తారు. చౌరంగీలో భూమి కింద రైలు కోసం రోడ్డు తవ్వేస్తున్నారు. ఆయన ఆ గోతి అంచున బోర్లా పడుకుని లోతుకి టేపు వదిలితే, లోపలున్న కూలీ కింద కొస పట్టుకుని పైకి చూసి అంకె అరిచి చెప్పాడు. విక్టోరియా మెమోరియల్ ముందున్న రాతి సింహం పంజా కొలుస్తుంటే కాపలావాడు ఈల వేశాడు. ఈయన రెండో పంజాకి వెళ్ళాడు.

మ్యూజియంలో ఈజిప్టు శవం దగ్గర మాత్రం టేపు తీయలేదు. కాసేపు చూసి, "సచ్చిపోయినోణ్ణి కొలవకూడదు. పాపం, ఎవరు కన్న బిడ్డో" అన్నాడు. రాజ్యం ఆశ్చర్యపోయింది. జబ్బయితే చోటు చూసుకుని ఆగదు కదా అనిపించింది.

మూడో రోజు హౌరా వంతెన మీద పోలీసు పట్టుకున్నాడు. మనుషులు నడిచే దారి ఎంత వెడల్పో చూడ్డానికి ఈయన టేపు పరిచాడు. వంతెనని కొలిచే మనిషిని పోలీసు ఊరికే వదలడు కదా. ముగ్గుర్నీ దగ్గర్లో ఉన్న ఔట్‌పోస్టుకి తీసుకెళ్ళాడు. గౌరి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. రాజ్యం దారి పొడుగునా లెక్కలేసుకుంది. ఊరు కాని ఊరు, తమకి భాష రాదు, ఈయన జేబులో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు. ఇంజన్లు చేసేవాడు వంతెన ఎందుకు కొలుస్తున్నట్టు?

లోపలున్న ఇనస్పెక్టరు మీసాలాయన. నోటుబుక్కు తిప్పి తిప్పి చూశాడు. తెలుగు రాదు. "చదువు" అన్నాడు హిందీలో. కూర్మారావు తనకొచ్చిన హిందీలో చదివాడు.

"రసగుల్లా, ఒకటిన్నర అంగుళం. వేలితో నొక్కితే ముప్పావు. వదిలేస్తే మళ్ళీ ఒకటిన్నర."

ఇనస్పెక్టరు మీసం కదిలింది. "ఇంకా?"

"సింహం పంజా. మా గౌరి వీపంత. ఎండలో కూడా చల్లగా ఉంది. మట్టికుండ పొట్ట మీద చెయ్యి పెట్టినట్టు."

"ఇవన్నీ ఎందుకయ్యా?" అన్నాడాయన, ఈసారి మెల్లిగా.

కూర్మారావు టేబులు మీదికి వంగి ఏదో చెప్పాడు. నాలుగైదు మాటలే. రాజ్యానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇనస్పెక్టరు కుర్చీలోంచి లేచాడు. నోటుబుక్కు రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. పట్టుకొచ్చిన పోలీసుని పిలిచి, ఈయన వెంట వెళ్ళి టేపు రెండో కొస పట్టుకోమన్నాడు. నడిచే దారి పదిహేనడుగులు తేలింది.

"ఆయనతో ఏటన్నారండీ?" అని బయటికొచ్చాక రాజ్యం అడిగింది.

"ఏటీ లేదు."

"ఏటీ లేకపోతే అంతోడు లెగిసి నిలబడతాడేటి?"

"కాళ్ళు తిమ్మిరెక్కుంటాయి" అన్నాడు కూర్మారావు.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఆయన నిద్రపోతుంటే రాజ్యం మొదటిసారి ఆ నోటుబుక్కు చేతిలోకి తీసుకుంది. గౌరి పక్కన చేరి చదివింది. అడుగులూ అంగుళాలూ ఉన్నాయి, కాని ప్రతి అంకె పక్కనా చిన్న అక్షరాల్లో ఇంకోటి ఉంది. 'ట్రాము గంట: గుడిగంట కాదు, ఇత్తడి చెంబు మీద గరిటె.' 'విమానం సీటు గుడ్డ: గొంగళికీ దుప్పటికీ మధ్య.' 'హౌరా వంతెన: బస్సెళ్తే అరికాళ్ళకి తెలుస్తుంది.'

"ఇయ్యేం కొలతలే గౌరీ?" అంది రాజ్యం. ఇంజన్లు తనిఖీ చేసేవాడికి గొంగళితో ఏం పని? ఈ కొలతల్లో కంటికి కనబడేది ఒక్కటీ లేదు.

విజయనగరంలో దిగాక కూర్మారావు ఇంటికెళ్ళే సాలూరు బస్సు వైపు కాకుండా రాయగడ వెళ్ళే పాసింజరు బండి వైపు నడిచాడు. "ఎలాగూ ఇంత దూరం వచ్చేం. అప్పని సూసి ఎల్దాం" అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం ఉంది.

రాజ్యం సంచీ అందుకుని వెనకే నడిచింది. రాయగడలో ఉన్న వరహాలమ్మ కూర్మారావు అక్క. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. మూడేళ్ళ కిందట గౌరి పుట్టినరోజుకి సునాబెడ వచ్చి, పదిమంది విస్తళ్ళ ముందు, "పులుసులో ఉప్పేసేవా, ఉప్పులో పులుసేసేవా?" అంది. రాజ్యం మాట తిరగెయ్యలేదు, కాని మర్నాడు ఆవిడ బస్సెక్కుతుంటే గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. ఆ తరవాత ఏడాది తిరక్కుండా వరహాలమ్మకి రెండు కళ్ళూ పోయాయి. మందులు పనిచేయలేదు. అప్పుడు వెళితే జాలిపడి వచ్చిందనుకుంటారని ఒక నెల ఆగింది. తరవాత ఇన్నాళ్ళు రానిది ఇప్పుడెందుకు వచ్చిందంటారని ఇంకో నెల. అలా రెండేళ్ళు. కూర్మారావు నెలకోసారి ఒక్కడే బస్సెక్కి వెళ్ళి వచ్చేవాడు. ఆమెని ఒక్కనాడూ రమ్మని అడగలేదు, రాలేదని అనలేదు.

వరహాలమ్మ కొడుకు రమణమూర్తి రైల్వేలో పనిచేస్తాడు. వాళ్ళ క్వార్టర్సు పట్టాల పక్కనే. అరుగు మీద కూర్చున్న వరహాలమ్మ తల పక్కకి తిప్పి విని, "మూడు జతల అడుగులొస్తన్నాయి. ఒరే కూర్మీ, ఎవర్ని తెచ్చేవురా?" అంది.

రాజ్యం ఒక అడుగు ముందుకి వేసి, "నానే వదినా" అంది.

వరహాలమ్మ చెయ్యి చాచింది. రాజ్యం వెళ్ళి పట్టుకుంది. "నీ కొత్త క్వార్టర్సులో పొయ్యి గట్టు లేపించేడా ఈడు? నాలుగంగుళాలు లేపమన్నాను" అంది ఆవిడ.

రాజ్యం తెల్లబోయింది. పోయిన వినాయకచవితికి ముందు కూర్మారావు ఉన్నట్టుండి తాపీమేస్త్రీని పిలుచుకొచ్చి గట్టు ఎత్తు చేయించాడు. ఆ తరవాతే ఆమె నడుంనొప్పి తగ్గింది. "మీకెలగ తెలుసు వదినా?"

"ఆడు గట్టెత్తు సెప్పేడు. నువ్వెంతెత్తుంటావో నాకు తెలుసు. ఆ లెక్కన నీ నడుం విరిగిపోవాల గదే అమ్మీ."

ఈలోగా రమణమూర్తి పెరట్లోంచి ముగ్గు డబ్బా తెచ్చి మేనమామ చేతికిచ్చాడు. పక్క ఇళ్ళవాళ్ళు ఎవరూ పిలవకుండానే కుర్చీలు, స్టూళ్ళు మోసుకొస్తున్నారు. "ఏటిది బాబూ?" అని రాజ్యం మేనల్లుణ్ణి అడిగింది.

"ఈ నెల కలకత్తా కదత్తా. పోయిన నెల మావయ్య నందపూర్ సంత తెచ్చేడు. గుమ్మడికాయంత తాడు సుట్టి సూపించేడు, అమ్మ రెండు సేతులూ సాపినా అందలేదు. అంతకు ముందెప్పుడో మీ కొత్తిల్లు తెచ్చేడు. మీ ఇంట్లో సీకట్లో వొదిలేసినా మా అమ్మ తడుంకోకుండా మంచినీళ్ళ బిందె దగ్గరికెళ్ళిపోద్ది."

హౌరాలో ఆ ఇనస్పెక్టరు ఎందుకు లేచి నిలబడ్డాడో రాజ్యానికి అప్పుడు తెలిసింది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, అది ముగ్గు పొడి వల్లనే అన్నట్టు ఓసారి తుమ్మింది.

కూర్మారావు పెరట్లో ఎనిమిదడుగుల వెడల్పున విమానం గీశాడు. మధ్యలో పదిహేడంగుళాల దారి వదిలి, అటు రెండు ఇటు రెండు చొప్పున కుర్చీలు వేశాడు. ఇటుకలతో మెట్లు పేర్చాడు. గౌరి కోలగా ఉన్న వెదురు చేట ఒకటి పట్టుకుని కిటికీ అయింది. వరహాలమ్మ మెట్లెక్కి, దారిలో నడిచి, రెండు పక్కలా కుర్చీ వీపులు తడుముకుంటూ వెళ్ళి మూడో వరసలో కూర్చుంది. మోకాలికీ ముందు కుర్చీకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది.

"ఇంత ఇరుకేటిరా? గొప్పోళ్ళు ఇందులోనే ఎల్తారా?"

"తొమ్మిదింపావు అప్పా."

"సరే. కిటికీలోంచి సూత్తే ఏటి కనబడ్డాది?"

కూర్మారావు నోటుబుక్కు తిప్పాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. అక్క ఎదురుచూస్తోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అప్పా, అదీ... కిటికీ పందొమ్మిదీ ఇరవయ్యారు..."

"కిటికీ కాదురా. బయట."

రాజ్యం పక్క కుర్చీలో కూర్చుంది. "ఆయన్నడక్కండి వదినా. ఆయన కుర్చీ కిందున్నారు. నాను సూసేను" అంది. "ముందు ఊరు పళ్ళెమంత అయిపోయింది. సముద్రం ఉతికి ఆరేసిన నీలం చీర, అంచంతా తెల్లగా నురగ. ఇంకా పైకెల్లేక మబ్బులొచ్చేయి. పొంగిన ఇడ్లీ పిండి గిన్నె దాటి వొలికిపోద్ది సూడండి, అలగ. దాని మీద ఎండ. కాలెడితే మునిగిపోతామేమో అనిపించింది. పెట్టాలనీ అనిపించింది."

వరహాలమ్మ ఊపిరి బిగబట్టి వింటోంది. "ఇంకా?" అంది. రాజ్యం ఇంకా చెప్పింది. పెరట్లో చేరిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. కూర్మారావు నోటుబుక్కు తెరిచి, పెళ్ళాం చెప్పేదంతా గబగబా రాసుకుంటున్నాడు.

అంతలో స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి వచ్చింది. నిండుగా సరుకేసుకున్న పొడుగాటి బండి. పెరడు అదిరింది. ఇటుకలు కదిలాయి. కుర్చీలన్నీ గడగడలాడాయి. వరహాలమ్మ రాజ్యం మోచెయ్యి గుప్పిట పట్టుకుని అరిచింది.

"లెగిసిందేటే?"

"లెగిసింది వదినా! గట్టిగా పట్టుకోండి, కిందకి మాత్రం సూడకండి!"

భయం వేసి, వరహాలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.